పాత హెవీవెయిట్ బాక్సింగ్ పోరాటాల వీడియో సేవకు ఆరు నెలల చందా

ఇప్పటి హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ల ఒడ్డూ పొడుగూ ముందు 1970ల నాటి ముహమ్మద్ అలీ కాలంవాళ్లు నాలుగు రౌండ్లు కూడా ఆగలేరన్నది మా బావమరిది వాదం. నేను దాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. అయితే ఇద్దరమూ చూసినవి రెండేసి నిమిషాల తునకలే కనుక, పాత పోరాటాలను మొదటి రౌండు గంట మోగినప్పటి నుంచి చివరి రౌండు గంట మోగే వరకు చూపుతామనే ఒక విదేశీ వీడియో సేవకు ఆరు నెలల చందా కట్టాను. లోపాలు కూడా రాస్తున్నాను కనుక దాని పేరు చెప్పడం లేదు.

1970ల పోరాటాల విషయంలో ఈ సేవకు పూర్తి మార్కులు వేయవచ్చు. 1974 అక్టోబరు 30న ఆఫ్రికాలోని కిన్షాసాలో అలీ చేతిలో అప్పటి ఛాంపియన్ జార్జ్ ఫోర్‌మన్ ఎనిమిదో రౌండులో కూలిపోవడం అందరూ చూసినదే. అప్పటికి ఫోర్‌మన్ నలభై పోరాటాల్లో ఓటమి ఎరుగడు, వాటిలో 37 నాకౌట్లు. మొత్తం పోరాటం చూస్తే తప్ప ఆ కూలడం ఎంత ముందు మొదలైందో అర్థం కాదు. మొదటి రౌండులో అలీ రింగు తాళ్ల జోలికి పోకుండా నేరుగా కుడిచేతి దెబ్బలు విసురుతాడు. ఆ తర్వాతే తాళ్లకు ఆనుకొని, తల వెనక్కి వంచి, దగ్గరికి వచ్చినప్పుడల్లా ఫోర్‌మన్ మెడ పట్టి కిందికి నొక్కుతూ అతని సత్తువ పిండేస్తాడు. ఐదో రౌండు చివర అలీ ఎదురుదాడికి దిగేసరికి ఫోర్‌మన్ చేతులు బరువెక్కినట్టు స్పష్టంగా కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే పనికొచ్చినది ప్రతి పోరాటానికి ముందు చూపించే బరువుల పట్టిక. కిన్షాసాలో అలీ 216 పౌండ్ల పైన, ఫోర్‌మన్ 220. 2024 మే 18న రియాద్‌లో బ్రిటన్‌కు చెందిన టైసన్ ఫ్యూరీని ఓడించిన ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ బరువు 223 పౌండ్ల చిల్లర. (ఆనాడు మొదట పొరపాటున 233 అని ప్రకటించి తర్వాత సరిదిద్దారు, ఈ సేవలో మాత్రం నేటికీ ఆ తప్పు అంకే ఉంది.) ఫ్యూరీ 262 పౌండ్లు, ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. అంటే నాలుగు ప్రపంచ సంస్థల బెల్టులనూ ఒకేసారి చేజిక్కించుకున్న తొలి తిరుగులేని హెవీవెయిట్ ఛాంపియన్ ఉసిక్ దాదాపు ఫోర్‌మన్ బరువువాడే. డిసెంబరు 21న జరిగిన రెండో పోరులో ఫ్యూరీ 281 పౌండ్లతో వచ్చినా, ముగ్గురు జడ్జీలూ 116–112 పాయింట్లతో ఉసిక్‌కే గెలుపు ఇచ్చారు. ఈ రెండు పోరాటాలూ వరుసగా చూపించాక మా బావమరిది కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "అది ఉసిక్ గొప్పతనం బావా, పాతవాళ్లది కాదు" అన్నాడు. అందులో కొంత న్యాయం లేకపోలేదు. అదే పట్టిక నన్నూ ఒకచోట దెబ్బ తీసింది. 49 పోరాటాల్లో ఓటమి లేని 1950ల ఛాంపియన్ రాకీ మార్సియానో సుమారు 188 పౌండ్లవాడు. నేటి లెక్కల్లో 200 పౌండ్ల లోపు క్రూజర్‌వెయిట్ విభాగంలో ఉండవలసినవాడు. ఫ్యూరీ ఎదుట అతన్ని ఊహించుకోవడం మానేశాను.

ఇక లోపాలు. రౌండ్ల మధ్య నిమిషం విరామాన్ని ఈ సేవవారు కత్తిరించేశారు. సమయం కలిసివస్తుందని అనుకున్నారేమో, కానీ 1975 అక్టోబరు 1న మనీలాలో జరిగిన అలీ–జో ఫ్రేజియర్ పోరాటంలో ఫలితం తేలినది ఆ విరామంలోనే. పద్నాలుగో రౌండు ముగిశాక, కళ్లు మూసుకుపోతున్న ఫ్రేజియర్‌ను శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఇక లేవనివ్వలేదు. ఇక్కడ పద్నాలుగో రౌండు గంట మోగగానే తెర మారి అలీ విజేతగా కనిపిస్తాడు. ఈ ఒక్క కత్తిరింపుకే డబ్బు వెనక్కి అడగాలనిపించింది.

1930, 40ల ఛాంపియన్ జో లూయిస్ పాతిక సార్లు టైటిల్ నిలుపుకొంటే ఇందులో ఉన్నవి మూడే, అవీ మసక. మైక్ టైసన్ విషయంలో మరో రకం పక్షపాతం: 1988లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టిన పోరాటం ముఖపుటలోనే ఉంటుంది, 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓడినది వెతికితే గాని దొరకదు. యువ టైసన్‌ను కాగితం మీద అందరికంటే ముందు నిలిపే అభిమానులు చూడవలసింది రెండోదే; డగ్లస్ జాబ్‌ను (ముందుచేతితో వేసే సూటి దెబ్బను) దాటి లోపలికి పోవడానికి టైసన్ ఎంత తంటాలు పడ్డాడో పది రౌండ్లూ చూస్తేనే తెలుస్తుంది.

1971 మార్చి 8 నాటి అలీ–ఫ్రేజియర్ తొలి పోరును మాత్రం పదిహేను రౌండ్లూ ఉంచారు. అలీని నేల కూల్చిన ఆ లెఫ్ట్ హుక్ (ఎడమచేతి వంపు దెబ్బ) పదిహేనో రౌండులో పడింది. నేటి ఛాంపియన్లు పన్నెండు దాటి ఆడవలసిన అవసరమే లేదు కనుక, ఆ మూడు రౌండ్లలో ఉసిక్ ఎలా ఉండేవాడో ఏ పట్టికా చెప్పదు. మా వాదం ప్రస్తుతం అక్కడ ఆగింది. చందా మరో ఆరు నెలలు పొడిగించాను. ఈసారి సగం డబ్బు బావమరిది ఇచ్చాడు.