మోర్బీ నుంచి టైల్స్ తెప్పించుకుంటున్నారా? జాగ్రత్త, పెట్టెలు విప్పకుండా సంతకం పెట్టకండి

మా ఇంట్లో పూజగది గుమ్మం దగ్గర నేల రంగు మారుతుంది. గుమ్మానికి ఇవతల లేత గంధం రంగు, అవతల అదే గంధంలో బూడిద కలిసినట్టు ఉంటుంది. డిజైన్ ఒకటే, కంపెనీ ఒకటే, పెట్టె మీద పేరు కూడా ఒకటే. బ్యాచ్ మాత్రం వేరు. మొదట వచ్చిన సరుకు దారిలో పగిలి, కొంత మాయమై, చాలక మళ్లీ తెప్పించుకుంటే జరిగింది ఇది. ఇల్లు కట్టుకుంటున్న మరొకరికి ఇలా జరగకూడదని రాస్తున్నాను.

గుజరాత్‌లోని మోర్బీ టైల్స్‌కు దేశంలోకెల్లా పెద్ద కేంద్రం. గుంటూరులో చదరపు అడుగు 60 రూపాయలు చెప్పిన రకమే అక్కడ ఫ్యాక్టరీ ధర 38 అన్నారు. రెండు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పొడవున్న పలకలు, పెట్టెకు రెండు. నాకు 140 పెట్టెలు కావాలి. ఒక్కో పెట్టె దాదాపు 29 కిలోలు, అంటే మొత్తం నాలుగు టన్నులు. లారీ నిండదు కాబట్టి పార్ట్ లోడ్‌లో వేస్తామన్నారు. కిరాయి 14,000 రూపాయలు.

నేను చేసిన మొదటి తప్పు బిల్లు దగ్గరే జరిగింది. సరుకు విలువ 82,000 దాటింది. అమ్మినవారు పన్నుతో కలిపి 48,000కే బిల్లు రాస్తామన్నారు. యాభై వేల లోపు ఉంటే సరుకు రవాణాకు ప్రభుత్వ పోర్టల్‌లో తీసుకోవాల్సిన ఈ-వే బిల్లు అక్కరలేదు, పన్ను కూడా కలిసొస్తుందని చెప్పారు. నాకు మిగిలింది ఏడున్నర వేలు. అది పన్ను ఎగవేత అని తెలుసు, తెలిసే ఒప్పుకున్నాను. ఆ కాగితం తర్వాత నా గొంతుకే చుట్టుకుంటుందని మాత్రం అప్పుడు తట్టలేదు.

పార్ట్ లోడ్ అంటే ఏమిటో కూడా నాకు సరిగా తెలియదు. పెట్టెలు మోర్బీలో లారీ ఎక్కి గుంటూరులో దిగుతాయనుకున్నాను. అలా జరగదు. ఫ్యాక్టరీ నుంచి ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌కు ఒక వాహనం, అక్కడి నుంచి పెద్ద లారీ, దారిలో మరో గోడౌన్‌లో దింపుడు, హైదరాబాద్‌లో ఇంకోసారి దింపి ఎక్కించడం, చివరికి చిన్న వాహనంలో ఇంటికి. సుమారు పదిహేను వందల కిలోమీటర్ల దారిలో ఒక్కో పెట్టె ఎనిమిది, పదిసార్లు చేతులు మారుతుంది. 29 కిలోల పెట్టెను పదిసార్లు ఎత్తి దింపేటప్పుడు ఒక్కసారి మూల నేలకు తగిలినా చాలు. హమాలీలను నేను తప్పుపట్టను. వాళ్లకు పెట్టె లెక్కన కూలి, ముందున్నది కొండంత సరుకు. ఇలాంటి పలకలను నిలువుగా, ఒకదానికొకటి ఆనించి పేర్చాలి. పడుకోబెట్టి పైన వేరే బరువు వేస్తే రోడ్డు మీద ప్రతి కుదుపుకూ నడిమికి దెబ్బ. నా పెట్టెల మీద వేరేవారి ఇనుప సామాను వేశారని చిన్న వాహనం డ్రైవరే చెప్పాడు.

సరుకు ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. వీధి దీపం వెలుతురులో దింపారు. లెక్కపెడదామంటే, "సార్, ఇంకో రెండు చోట్లకు వెళ్లాలి, సంతకం చేసి పంపించండి" అని డ్రైవర్ తొందరపెట్టాడు. రసీదులో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ముందే అచ్చువేసి ఉంది: సరుకు పూర్తిగా, మంచి స్థితిలో అందింది. దాని కింద నేను సంతకం చేశాను.

మర్నాడు లెక్కపెడితే 136 పెట్టెలే ఉన్నాయి. పైకి చూస్తే చాలావరకు బాగానే ఉన్నాయి, ప్లాస్టిక్ పట్టీలు కూడా తెగలేదు. టైల్స్ మేస్త్రీ ఒక పలకను రెండు చేతులతో నిలబెట్టి వేలి కణుపుతో తట్టాడు. ఖంగుమంది. రెండోది తట్టాడు. చప్పుడు చప్పగా వచ్చింది. "ఇది మోగడం లేదండీ, లోపల విరిగింది" అన్నాడు. నాకు ఏ గీతా కనిపించలేదు. అతను తడిగుడ్డతో పలక వెనకవైపు తుడిచి కాసేపు ఆగమన్నాడు. తడి అంతా ఆరిపోయింది కానీ, మూల నుంచి మధ్య దాకా వెంట్రుకంత సన్నని గీత మాత్రం తడిగానే మిగిలిపోయింది. అలా ఒక్కో పెట్టె విప్పుతూ పోతే సాయంత్రానికి 39 పెట్టెల్లో 52 పలకలు పనికిరానివని తేలాయి. లేని నాలుగు పెట్టెలతో కలిపితే 60 పలకలు పోయినట్టు. చేతినుంచి పెట్టిన డబ్బులో పందొమ్మిది వేల పైమాటే. మళ్లీ 25 పెట్టెలు తెప్పించిన ఖర్చు, మేస్త్రీ పని ఆగిన మూడు వారాలు దీనికి అదనం.

అమ్మినవారికి ఫోన్ చేస్తే, ధర ఫ్యాక్టరీ గేటు దాకానే, బయటికొచ్చాక బాధ్యత మీదే అన్నారు. తర్వాత ఒక న్యాయవాదిని అడిగాను. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, సరుకును రవాణాదారుకు అప్పగిస్తే మామూలుగా కొన్నవారికి అప్పగించినట్టే లెక్క. అయితే సరుకు స్వభావానికి తగిన ఒప్పందం రవాణాదారుతో అమ్మినవారు చేసుకోవాలని కూడా అదే చట్టంలో ఉంది. పగిలే సరుకును ఏ జాగ్రత్తా రాయించకుండా లారీ ఎక్కిస్తే వారిని అడిగే హక్కు మనకుంది. కానీ ఆర్డర్ ఇచ్చేటప్పుడు ప్యాకింగ్ గురించి, పేర్చడం గురించి నేను ఒక్క ముక్క రాతలో అడగలేదు. అంతా ఫోన్ మాటలే.

ఇక ట్రాన్స్‌పోర్ట్ వారు. లారీ రసీదు మీద, అంటే అందరూ ఎల్‌ఆర్ అనే కాగితం మీద, "ఓనర్స్ రిస్క్" అని, అంటే నష్టం వస్తే సరుకు యజమానిదే అని, ముద్ర ఉంది. కింద ఎఫ్‌ఓవీ పేరుతో చిన్న మొత్తం వసూలు చేశారు. అది బీమా అనుకున్నాను. కాదు. సరుకు విలువను బట్టి రవాణాదారు వేసుకునే రుసుము అది, దానికి పాలసీ ఉండదు. 2011 మార్చి నుంచి అమల్లో ఉన్న క్యారేజ్ బై రోడ్ చట్టం మనకు కొంత మేలే చేస్తుంది. సరుకు పోయినా, పాడైనా రవాణాదారు నిర్లక్ష్యం చేశాడని మనం రుజువు చేయనక్కరలేదు. అయితే ఎక్కువ విలువకు బాధ్యత కావాలని ముందే రాయించి, అదనపు రుసుము కట్టకపోతే, పరిహారం కిరాయికి పది రెట్లకు మించదు. అదీ సరుకు అప్పగించేటప్పుడు రాసిన విలువను దాటదు. పైగా బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది ఇవ్వకపోతే దావా వేయడానికే వీల్లేదు.

నేను రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. పగిలినవాటికి పైసా ఇవ్వబోమన్నారు, ఎందుకంటే మంచి స్థితిలో అందిందని నేనే సంతకం చేశాను. నాలుగు పెట్టెలు తగ్గినట్టు వాళ్ల గోడౌన్ లెక్కల్లోనే తేలింది కాబట్టి వాటికి బిల్లు ప్రకారం ఇస్తామన్నారు. 48,000ను 140తో భాగించి నాలుగు పెట్టెలకు లెక్కగట్టారు. వచ్చింది 1,370 రూపాయలు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకున్నాను. నా నష్టం ఇంత అని చెప్పడానికి చేతిలో ఉన్న ఒకే ఒక్క బిల్లు నేను చెప్పేది అబద్ధమంటోంది. ఆగిపోయాను. నిజమైన బిల్లు ఉండి, రసీదు మీద నష్టం రాయించినవారు ఆగాల్సిన పని లేదు. 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ముందుగా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

ఆరు నెలల తర్వాత మా బావమరిది ఇంటికి టైల్స్ కావాల్సి వచ్చింది. మళ్లీ మోర్బీ నుంచే తెప్పించాం. ఈసారి అదే కాలనీలో ఇళ్లు కడుతున్న మరో ఇద్దరితో కలిసి ఒక లారీ నిండా సరుకు మాట్లాడుకున్నాం. మధ్యలో ఎక్కడా దింపకుండా ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చింది. పూర్తి విలువకు బిల్లు, ఈ-వే బిల్లు తీసుకున్నాం. ఒక్క ప్రయాణానికి సరిపడే ట్రాన్సిట్ బీమా మేమే మా పేరు మీద తీసుకున్నాం. దీనిలో రకాలున్నాయి. కొన్ని పాలసీలు మంటలు, పిడుగుపాటుకే వర్తిస్తాయి. పగుళ్లకు కూడా వర్తించే అన్ని ప్రమాదాల పాలసీ కావాలని అడగండి. ప్యాకింగ్ చాలకపోతే దానిలోనూ డబ్బు రాదు కాబట్టి చెక్క చట్రాల్లో బిగించాలని ఆర్డర్‌లోనే రాయించాం. ఎక్కించాక లారీ లోపలి ఫోటోలు పంపమన్నాం. మూడు ఇళ్ల సరుకులో విరిగినవి మూడే మూడు పలకలు. కిరాయి, బీమా కలిపి అడుగుకు రూపాయిన్నర ఎక్కువ పడింది. ఇక్కడి షాపు ధరతో పోలిస్తే అప్పటికీ చాలా తక్కువే.

మీ సరుకు ఇప్పటికే దారిలో ఉంటే ఈ రోజే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఫోన్ చేయండి. పగటిపూటే దింపాలని చెప్పండి, రాత్రి వస్తే తెల్లారేదాకా వాహనం ఆగాల్సిందేనని ముందే మాట్లాడుకోండి. దింపుతున్నప్పుడు ఇద్దరు మనుషులు ఉండాలి. ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు మూలలు నలిగిన పెట్టెలను పక్కకు తీయించాలి. ఆ పెట్టెలను డ్రైవర్ ఎదుటే విప్పి, వీడియో తీసి, ఎన్ని తగ్గాయో ఎన్ని పగిలాయో రసీదు మీదే పెన్నుతో రాసి, దాని కింద అతని సంతకం తీసుకోండి. ఒప్పుకోకపోతే ఓపెన్ డెలివరీ కావాలని అడగండి. అంటే వాళ్ల మనిషి ముందు పెట్టెలు విప్పి నష్టాన్ని కాగితం మీద పెట్టించుకోవడం. బీమా ఉంటే అదే గంటలో కంపెనీకి తెలియజేయండి, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ వచ్చేదాకా విరిగిన ముక్కలను పారేయకండి. మేస్త్రీని ఆ రోజు పనికి కాకపోయినా పిలవండి. పలక మోగుతోందో లేదో మనకన్నా అతనికే బాగా వినిపిస్తుంది.