చెప్పననుకుంటనే అన్నీ చెప్పే చీరల షాపు, గద్వాల

చీరలకు నాలుగు స్టార్లు, సేల్స్‌మెన్ నోటికి మాత్రం ఎన్నియ్యాల్నో తెలుస్తలేదు. పెండ్లి చీరల కోసం మా వదినెతోటి పోయిన, షాపు పేరెందుకులెండి గాని సరుకు అసలుదే. కాటన్ బాడీ, పట్టు అంచు, పట్టు కొంగు, సీకో (పట్టు, కాటన్ కలిపి నేసినయ్) చీరలల్ల గూడ మస్తు రంగులున్నయ్. తిరగేసి చూస్తే అంచు పోగు, బాడీ పోగు ఒకదాన్నొకటి పట్టుకొని కనపడ్తయ్, కుప్పడం నేత అంటే అదే.

ఇగ ఆ సేల్స్‌మెన్ అన్న ముచ్చట. ఒక్క చీరను గూడ పొగడడు. "పక్క షాపుల పవర్‌లూమ్ అమ్ముతరని నేనెందుకంటనమ్మా, ఎవరి యాపారం వాళ్లది" అంటడు. జర ఆగి, "రెండు ఉతుకులకే జరీ నల్లబడ్డదని ఒకామె ఏడ్చుకుంట వచ్చింది, అయ్యన్ని ఇప్పుడెందుకు తియ్" అంటడు. "మగపెండ్లోళ్లు చీర రేటు లెక్కేస్తరని నేనైతే అననమ్మా" అన్నడో లేదో, అప్పటిదాంక సీకో చాలన్న మా వదినె పట్టు చీరలు దించమన్నది!

ఇది ఉత్త ఆషామాషీ విద్య కాదు, మన అలంకారశాస్త్రంల ఆక్షేపం అంటరు, చెప్పదల్చుకున్న మాటనే ఆపినట్టు చేసి దానికి ఇంకింత బలం తెచ్చుడు. క్రీ.పూ. 63ల రోమ్ సెనేట్ ముందల సిసిరో అనే పెద్ద వక్త కూడ గిట్లనే, కుట్ర చేస్తున్నడని తాను నిందించిన కాటిలైన్‌తోటి నీ ఆస్తులు కూలబోతున్న సంగతి నేను వదిలేస్తున్న అనుకుంట ఆ సంగతే అందరి చెవుల్ల ఏసిండు. గమ్మత్తేందంటే అననే లేదన్నోన్ని ఆధారం ఏందని అడగలేం. నేను అడిగి చూసిన, ఏ షాపో చెప్పన్నా అని. "ఛ ఛ, ఒకరి మీద చెప్పుడు నాకలవాటు లేదమ్మా" అన్నడు.

నాకు కోపమొచ్చింది ఇక్కడనే. సరుకు గింత మంచిగున్నంక పక్కోని ఊసెందుకు? చీర తిరగేసి చూపిస్తే అయిపాయె, అది మాత్రం మేం అడిగేదాంక చూపియ్యలే. మీరు పోతే ముందల అదే అడగుండ్రి, హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ గూడ చూసుకోండి. వీలైతే పొద్దుగాల పోండి, ఓనరమ్మ కూసుంటది, తక్కువ మాట్లాడి ఎక్కువ చీరలు దించుతది.