ఫ్రీగా దొరికే దామోదరన్ క్లాసు మన ఎంబీఏ ఫైనాన్స్‌వాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

ఫైనాన్స్ స్పెషలైజేషన్ తీసుకున్నవాళ్లకు అశ్వత్ దామోదరన్ గారిని పరిచయం చేయనక్కర్లేదు. చెన్నై లయోలాలో, ఐఐఎం బెంగళూరులో చదివి, 1986 నుంచి న్యూయార్క్ యూనివర్సిటీ స్టెర్న్ స్కూల్లో పాఠాలు చెబుతున్నారు. ఆ కార్పొరేట్ ఫైనాన్స్ క్లాసు వీడియోలు, స్లైడ్లు, పాత పరీక్ష పేపర్లు, ఎక్సెల్ షీట్లు అన్నీ నెట్‌లో ఉచితమే. ఎంబీఏలో ఉండగా చూడటం మొదలుపెట్టాను. ఇప్పుడు గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో ఫైనాన్స్ చూస్తున్నాను, ఆ షీట్లు ఇంకా తెరుస్తూనే ఉన్నాను.

మన పరీక్షల్లో ‘కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ 12 శాతం’ అని, అంటే కంపెనీ వాడే డబ్బుకయ్యే ఖర్చు ఇంత అని, ప్రశ్నలోనే ఇచ్చేస్తారు. దాంతో ఎన్‌పీవీ (రాబోయే డబ్బుకు ఈరోజు విలువలోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది) కట్టి, పాజిటివ్ వస్తే ప్రాజెక్టు ఓకే అని రాసి వచ్చేస్తాం. ఆ 12 ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ పట్టదు. ఈ క్లాసులో సగం గొడవ ఆ 12 గురించే.

ముందు రిస్క్ ఫ్రీ రేటు, అంటే ఏ రిస్కూ లేని పెట్టుబడి మీద వచ్చే రాబడి, దాని సంగతి చూడండి. మనకు నేర్పింది పదేళ్ల ప్రభుత్వ బాండు రేటు వేసేయమని. ఈయన ఒప్పుకోరు. రేటింగ్ సంస్థ మూడీస్ మన దేశానికిచ్చిన బీఏఏ3 ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడులో (నమ్మి అప్పివ్వొచ్చనే రేటింగుల్లో) ఆఖరి మెట్టు కాబట్టి, ఆ వడ్డీలో కొంత డిఫాల్ట్ (అప్పు తీర్చకపోవడం) భయం ఖరీదేనంటారు. బాండు 7 శాతం ఇస్తోంది, ఆ భయం ఖరీదు 2 అనుకుందాం. రూపాయల్లో రిస్క్ ఫ్రీ రేటు 5 అవుతుంది. తీసేసిన 2 ఊరికే పోదు, ఇంకాస్త పెరిగి ఈక్విటీ రిస్క్ ప్రీమియంలోకి (షేర్లలో రిస్కుకు ఇన్వెస్టర్లు అడిగే అదనపు రాబడిలోకి) దేశం రిస్కుగా వస్తుంది. అది కూడా కంపెనీ ఎక్కడ రిజిస్టరైందో చూసి కాదు, సరుకు ఎక్కడ అమ్ముతోందో చూసి వేయాలి. డాక్టర్ రెడ్డీస్ హైదరాబాద్ కంపెనీయే, కానీ అమ్మకాల్లో పెద్ద వాటా ఉత్తర అమెరికాది. దానికి అచ్చంగా ఇండియా రిస్కే వేస్తే లెక్క తేడా కొడుతుంది.

బీటా (మార్కెట్ కదిలితే షేరు ఎంత కదులుతుందో చెప్పే అంకె) పాఠం ఇంకా బాగుంటుంది. షేరు రాబడిని మార్కెట్ రాబడితో పోల్చే రిగ్రెషన్‌లో 1.2 వచ్చి, స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంచనాలో తేడా ఎంతుండొచ్చో చెప్పేది) 0.3 ఉంటే, దానికి రెట్టింపు అటూ ఇటూ వేసుకుని చూస్తే అసలు బీటా 0.6 నుంచి 1.8 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అందుకని అదే వ్యాపారంలో ఉన్న కంపెనీల బీటాల్లోంచి అప్పు ప్రభావం తీసేసి, సగటు కట్టి, మన అప్పుకు తగ్గట్టు మళ్లీ పెంచమంటారు. అప్పు లేని బీటా 0.8, అప్పూ ఈక్విటీ సమానం, టాక్స్ 25 శాతం అయితే 0.8 × (1 + 0.75) = 1.4 వస్తుంది. లిస్ట్ కాని మా మిల్లుకు ఇదే దారి. షేరు ధరే లేనప్పుడు రిగ్రెషన్ దేనిమీద చేస్తాం?

ఈ క్లాసులో లోటల్లా వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడవడానికి కావాల్సిన డబ్బు) దగ్గరే. అక్కడ అది క్యాష్ ఫ్లో పట్టికలో ఒక వరుస, అమ్మకాల్లో ఇంత శాతం అని వేసి ముందుకు పోతారు. మాకేమో అక్టోబరులో పత్తి రావడం మొదలైతే మార్చి దాకా అదే టెన్షన్. కొనిపెట్టుకోకపోతే తర్వాత రేటు పెరుగుతుందేమోనని భయం, కొంటే బ్యాంకు ఇచ్చిన సీసీ (క్యాష్ క్రెడిట్) అప్పు లిమిట్ నిండిపోతుంది. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్, దాన్నిబట్టి డ్రాయింగ్ పవర్ (ఆ నెల ఎంతవరకు తీసుకోవచ్చో), రెన్యువల్ వచ్చిందంటే సీఎంఏ డేటా (అప్పు కోసం బ్యాంకుకిచ్చే లెక్కలు, అంచనాల పట్టికలు). బ్యాంకు మేనేజరు గారు ఎన్‌పీవీ గురించి ఏనాడూ అడగలేదు, డీఎస్‌సీఆర్ (అప్పు వాయిదాలు, వడ్డీ కట్టడానికి వచ్చే డబ్బు ఎన్ని రెట్లుందో) ఎంత, కరెంట్ రేషియో (ఏడాదిలోపు చేతికొచ్చే ఆస్తులు ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులకు ఎన్ని రెట్లో) ఎంత అనే అడుగుతారు. కరెంట్ ఆస్తుల్లో (సరుకు, రావాల్సిన బాకీల్లాంటివాటిలో) 25 శాతానికి దీర్ఘకాలిక నిధులుండాలన్న, బ్యాంకు అప్పుల మీద వేసిన 1975 నాటి టాండన్ కమిటీ లెక్క ఇంకా ఆ ఫారాల్లో బతికే ఉంది. న్యూయార్క్ క్లాసులో ఇవి చెప్పలేదని తప్పుపట్టలేం. కాకపోతే ఇది చూసేశాం, ఇక ఉద్యోగానికి రెడీ అనుకునేవాళ్లు సీఏ ఆఫీసులో కూర్చుని ఒక సీఎంఏ ఫైలు తయారవడం చూసి వెళ్తే మంచిది.

సర్టిఫికెట్ కావాలంటే ఫ్రీ వెర్షన్‌లో రాదు. మాట స్పీడు, మొదట్లో సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. పూర్తి క్లాసులు చూసే తీరిక లేకపోతే ఇవే పాఠాలు చిన్న వీడియోలుగానూ ఉన్నాయి. రంగాలవారీ బీటాలు, దేశాలవారీ రిస్కు అంకెలు ఏటా జనవరిలో మారుస్తారు, పాత ఫైలు వాడొద్దు. షీట్లలో ముందు రేటింగ్‌ది దించుకోండి. ఆపరేటింగ్ లాభం వడ్డీకి ఎన్ని రెట్లుందో చూసి రేటింగ్, దాన్నిబట్టి అప్పు ఖర్చు చెబుతుంది. పైన కంపెనీ పెద్దదా చిన్నదా అని అడిగే గడి ఉంటుంది. మనవైపు మిల్లులకు అందులో చిన్నదే పెట్టాలి, లేకపోతే రేటింగ్ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది.