పాము కరిస్తే ఎక్కడికి పోవాలి? ఆర్‌ఎంపీ, పీహెచ్‌సీ, నర్సింగ్ హోమ్, పెద్దాసుపత్రి: ఏది మేలు?

కళ్యాణదుర్గం పక్క పల్లెలో రాత్రి పదకొండుకు ఒకరికి పాము కరిచిందనుకుందాం. అనంతపురం పెద్దాసుపత్రి దాదాపు 60 కిలోమీటర్లు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఉన్నాడు, పక్క ఊళ్లో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉంది, కళ్యాణదుర్గంలో సర్కారు ఆసుపత్రి, ప్రైవేటు నర్సింగ్ హోములు ఉన్నాయి. అనంతపురం టౌన్లో ఉండేవాళ్లకు ఈ లెక్కే అక్కర్లేదు, ఆటో ఎక్కితే చాలు. పల్లెవాళ్లు మాత్రం ఆ కంగారులోనే తేల్చుకోవాలి. చూడాల్సినవి రెండు: విషానికి విరుగుడు మందు (ఏఎస్‌వీ) కనీసం పది సీసాలు ఉన్నాయా, ఊపిరి ఆగిపోతే గొంతులో ట్యూబు వేసి ఊపిరి ఆడించే డాక్టరు ఉన్నాడా.

మంత్రం, పసరు ఈ పోటీలోకే రావు. విషంలేని పాములే ఎక్కువ, విషప్పాము కరిచినా ఒక్కోసారి విషం దిగదు. మంత్రగాడికి పేరొచ్చేది ఆ కాట్లతోనే.

ఆర్‌ఎంపీ సంగతి వేరు. అర్ధరాత్రి తలుపు తడితే లేచేది, డబ్బు తర్వాత ఇమ్మనేది ఆయనే. కానీ ఆయన దగ్గర ఏఎస్‌వీ ఉండదు. టీటీ (ధనుర్వాతం టీకా), డెక్సా (స్టెరాయిడ్) సూదులు వేసి, సెలైన్ ఎక్కించి, ‘పొద్దున చూద్దాం’ అంటే విలువైన గంటలు పోతాయి. పైగా రక్తపింజరి కాటుకు రక్తం గడ్డకట్టదు. అప్పుడు కండకు సూది వేస్తే అక్కడే లోపల రక్తం చేరి గడ్డలా ఉబ్బుతుంది. టీటీ తర్వాతైనా వేయొచ్చు. ఆయన చేయగలిగిన మేలు ఇదీ: 108కి ఫోన్ చేయడం, ఉంగరాలు, మెట్టెలు, కడియాలు తీయించడం, కాటుపడిన కాలికో చేతికో బద్ద పెట్టి కదలకుండా వదులుగా కట్టడం. తాడు బిగించకూడదు, బ్లేడుతో కోయకూడదు. 108 ఆలస్యమైతే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవచ్చు, నడిపించకూడదు.

పగలైతే, డాక్టరున్నప్పుడు, పీహెచ్‌సీయే మొదటి మెట్టు. అక్కడ చేయగలిగింది జనం అనుకునేదానికన్నా ఎక్కువ. పొడి రూపంలో వచ్చే ఏఎస్‌వీకి ఫ్రిజ్ అక్కర్లేదు. రక్తపరీక్షకు ల్యాబ్ కూడా అక్కర్లేదు: కొత్త, పొడి గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా పెట్టి, ఒకసారి వంచి చూడాలి. నీళ్లలా జారితే పింజరి విషం ఎక్కినట్టే. తప్పు జరిగేదీ ఇక్కడే. ప్లాస్టిక్ ట్యూబు వాడినా, సబ్బుతో కడిగిన ట్యూబు వాడినా, మధ్యలో ఊపి చూసినా ఫలితం తేడా వస్తుంది.

విషం ఎక్కిందని తేలితే పది సీసాలు సెలైన్లో కలిపి గంటలోపు ఎక్కించాలి. పిల్లలకూ అంతే, పాము విషం మనిషి వయసు చూసి తగ్గదు కదా. సీసాలో పొడి కరగడానికి మెల్లగా తిప్పాలి, గట్టిగా ఊపితే నురగొస్తుంది. చాలాచోట్ల మందు ఉండీ పైకి పంపేస్తారు, రియాక్షన్ వస్తుందనే భయంతో. దద్దుర్లు, వణుకు, బీపీ పడిపోవడం నిజంగానే రావచ్చు. అందుకే దానికి విరుగుడైన అడ్రినలిన్ ముందే సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకుంటారు; పెద్దవాళ్లకైతే అర మిల్లీగ్రాము తొడ కండకు.

రాత్రి లెక్క మారుతుంది. చాలా పీహెచ్‌సీల్లో అప్పుడు డాక్టరుండడు. ఆశా కార్యకర్త దగ్గరో ఏఎన్‌ఎం దగ్గరో నంబరు ఉంటుంది. దారిలోనే ఫోన్ చేసి డాక్టరు, ఏఎస్‌వీ రెండూ ఉన్నాయా అని అడగాలి. ఒకటి లేకపోయినా అక్కడ ఆగొద్దు, నేరుగా సీహెచ్‌సీకో (పీహెచ్‌సీ కన్నా పెద్ద సర్కారు ఆసుపత్రి) ఏరియా ఆసుపత్రికో పోవాలి.

కట్లపాముకైతే ఇంకా తొందర. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరుస్తుంది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కనపడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం. గ్యాస్ అనుకుని మాత్ర మింగిస్తే మనిషి దక్కకపోవచ్చు. ఇలాంటి కేసుకు వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రే గతి: కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రులు, కడప రిమ్స్. అయితే ఆదోని నుంచి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. అంత దూరం మందు పడకుండా పోవడంకన్నా ఆదోనిలోనే మొదటి పది సీసాలు ఎక్కించి, అంబు బ్యాగు పట్టుకుని ఊపిరి ఆడించగల మనిషిని తోడిచ్చి పంపడం మేలు.

నర్సింగ్ హోమ్‌కు అడ్వాన్సు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి: ఏఎస్‌వీ మీ దగ్గరే ఉందా, బయటి మెడికల్ షాపులో మేం కొనాలా? వెంటిలేటర్ ఉందా? రాత్రి డాక్టరు ఉంటాడా? కిడ్నీ పాడైతే డయాలసిస్ ఎక్కడ? నాలుగింటికీ సరైన జవాబొస్తే అదీ మంచి చోటే, ఖర్చు భరించగలిగితే. లేదంటే రెండు రోజుల్లో చేతిలో డబ్బయిపోయి, మూత్రం ఆగిపోయిన మనిషితో మళ్లీ పెద్దాసుపత్రికే పోవాలి.

ఎక్కడినుంచి పంపినా కాగితం అడిగి తీసుకోండి: కరిచిన టైము, ఎక్కించిన సీసాలు, ఎప్పుడు ఎక్కించారు, రక్తం గడ్డకట్టిందా లేదా, రియాక్షన్ వచ్చిందా. ఫోన్లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి. అది లేకపోతే పైవాళ్లు మొదటినుంచి లెక్కేసుకోవాలి. ఏ లక్షణం లేకపోయినా 24 గంటలు ఆసుపత్రిలోనే ఉంచమనండి.