మల్టీస్టిక్స్ 10 ఎస్‌జీ యూరిన్ స్ట్రిప్పులు: వృద్ధాశ్రమానికి ఎంతవరకు పనికొస్తాయి?

సీసాకు 100 స్ట్రిప్పులు, ఒక్కోదాని మీద పది గళ్లు. మూత్రంలో ఇన్ఫెక్షన్ కోసం చూసేవి రెండే: నైట్రైట్ (కొన్ని బ్యాక్టీరియా తయారు చేసే పదార్థం), ల్యూకోసైట్ (తెల్ల రక్తకణాలు). పేరు చదివి కొనండి. యూరిస్టిక్స్ కూడా ఇదే కంపెనీ, సీమెన్స్‌ది, కానీ అది చక్కెర, ప్రోటీన్ మాత్రమే చూపిస్తుంది.

మొదటి ధార వదిలేసి, మధ్యలో వచ్చే మూత్రాన్ని శుభ్రమైన కప్పులో పట్టాలి. స్ట్రిప్పు ముంచి వెంటనే తీసి, పక్కను కప్పు అంచుకు రాసి, అడ్డంగా పట్టుకోవాలి. నైట్రైట్‌ను 60 సెకన్లకు, ల్యూకోసైట్‌ను 2 నిమిషాలకు చూడాలి. ఆ తర్వాత మారే రంగును నమ్మొద్దు. సీసా మూత తీసి ఉంచితే గాలి తగిలి నైట్రైట్ గడి దానంతటదే గులాబీ రంగుకు తిరుగుతుంది. 30 డిగ్రీలు దాటిన వేడి పనికిరాదు, ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు. మన ఎండాకాలానికి ఇది చిన్న షరతు కాదు.

స్ట్రిప్పు తన పని బాగానే చేస్తుంది. చిక్కంతా పాజిటివ్ వస్తే ఏం చేస్తామన్న దగ్గరే. సంరక్షణ గృహాల్లో ఉండే ఆడవాళ్లలో 25 నుంచి 50 శాతం మందికి, మగవాళ్లలో 15 నుంచి 40 శాతం మందికి ఏ జబ్బూ లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుంది. నెలల తరబడి కెథీటర్ (మూత్రం బయటకు తీసే గొట్టం) ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఉంటుంది. గడి రంగు మారిందంటే మూత్రంలో బ్యాక్టీరియా లేదా తెల్ల రక్తకణాలు ఉండొచ్చని అర్థం, ఇన్ఫెక్షన్ అని కాదు. అందుకే ఇంగ్లండ్ మార్గదర్శకాలు 65 దాటినవాళ్లకు ఈ స్ట్రిప్పుతో ఇన్ఫెక్షన్ తేల్చవద్దంటాయి. నెగటివ్‌ కూడా పూర్తి భరోసా కాదు: నైట్రైట్ తయారవడానికి మూత్రం దాదాపు 4 గంటలు మూత్రాశయంలో నిలవాలి, పైగా ఎంటరోకాకస్ అనే బ్యాక్టీరియా దాన్ని తయారు చేయదు.

మూత్రం వాసన వస్తోందనో, పెద్దావిడ ఇవాళ తికమకగా మాట్లాడుతోందనో స్ట్రిప్పు ముంచి, యాంటీబయాటిక్ మొదలుపెట్టడం చాలాచోట్ల అలవాటైపోయింది. అది మానాలి. అనవసరపు కోర్సు వల్ల విరేచనాలు పట్టుకుంటాయి, మందుకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది, అసలు కారణం మరుగున పడుతుంది. తికమక ఒక్కటే ఉంటే ముందు నీళ్లు ఎన్ని తాగారు, విరేచనం ఎప్పుడైంది, కొత్త మాత్ర ఏదైనా మొదలైందా, ఎక్కడైనా నొప్పి ఉందా, షుగర్ ఎంతుంది అని చూడండి.

కొత్తగా మంట, మాటిమాటికీ మూత్రం, పొత్తికడుపు నొప్పి, మూత్రంలో రక్తం ఉంటే స్ట్రిప్పు ఏం చెప్పినా డాక్టర్‌కు చెప్పాలి. చలిజ్వరం, నడుము పక్క నొప్పి, బీపీ పడిపోవడం ఉంటే నేరుగా ఆసుపత్రికే.

మా మాట: ఆశ్రమంలో ఇన్ఫెక్షన్ పట్టుకోవడానికని ఈ సీసా కొనొద్దు. ఆ డబ్బు మంచి థర్మామీటర్‌కు, కల్చర్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) కోసం వాడే స్టెరైల్ సీసాలకు పెట్టండి. కల్చర్‌కు మూత్రం యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే తీయాలి. కెథీటర్ ఉంటే బ్యాగ్ నుంచి కాదు, గొట్టం మీది శాంపిల్ పోర్ట్ నుంచి. కెథీటర్ వేసి రెండు వారాలు దాటితే మార్చి, కొత్తదాన్నుంచి తీయాలి. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేర్చలేకపోతే సీసాను ఫ్రిజ్‌లో ఉంచండి.