ఆఫీసు మెయిళ్ల కోసం సొంతంగా కొన్న కీబోర్డు: ఏళ్ల తరబడి వాడాక

ఆఫీసులో మనకు ఏ ల్యాప్‌టాప్ ఇవ్వాలో, అందులో ఏ మెయిల్ ప్రోగ్రాం ఉండాలో వాళ్లే నిర్ణయిస్తారు. ఆ మెయిల్‌లో ఏం రాస్తాం, దేనిమీద టైప్ చేస్తాం అన్న రెండే మన చేతిలో ఉంటాయి. నేను చాలా ఏళ్లుగా సొంత డబ్బుతో కొనుక్కున్న మెకానికల్ కీబోర్డు మీద ఆఫీసు మెయిళ్లు రాస్తున్నాను. ఈలోగా ఫోన్లు మారాయి, ఇయర్‌ఫోన్లు మారాయి, స్మార్ట్‌వాచ్ వచ్చి వెళ్లింది. ఇది మాత్రం బల్లమీంచి కదల్లేదు. కొన్న వారంలోనే రాసే సమీక్షలు బోలెడు దొరుకుతాయి కానీ, వాడి వాడి అరిగాక ఏం తేలిందో చెప్పేవి తక్కువ. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజంతా మెయిళ్లతోనే పని ఉన్నవాళ్లు సొంతానికి ఒక్క వస్తువే కొనుక్కోగలిగితే, అది కీబోర్డే కావాలి. చేతికి హాయిగా ఉంటే మెయిల్ పూర్తిగా రాయబుద్ధవుతుంది. పూర్తిగా రాసిన మెయిల్‌ను మించిన మర్యాద ఆఫీసులో ఇంకోటి లేదని నా నమ్మకం.

ఎందుకంటున్నానంటే, ఒక మెయిల్‌లో మూడు ప్రశ్నలు వచ్చాయనుకోండి. రిపోర్టు ఎవరు పంపుతారు? ఏ ఫార్మాట్‌లో? పోయిన నెల అంకెలు కూడా కలపాలా? ఫోన్‌లో చూసినవాళ్లు బొటనవేలితో "సరే, పంపిస్తాం" అని కొట్టి పడేస్తారు. ఎవరు పంపుతారో తెలియదు, ఏ రోజుకో తెలియదు, మిగతా రెండు ప్రశ్నలూ గాల్లోనే ఉన్నాయి. అడిగినవాళ్లు మళ్లీ రాయాలి, మళ్లీ ఎదురుచూడాలి. ఈలోపు సీసీలో ఉన్న అందరికీ ఆ ముక్కలు ముక్కల సంభాషణ వెళ్తూనే ఉంటుంది. అదే కీబోర్డు ముందు కూర్చుంటే, వచ్చిన ప్రశ్నలను కాపీ చేసుకుని ఒక్కోదాని కింద జవాబు రాయడానికి పెద్ద సమయం పట్టదు. అందుకే మెయిల్‌ను ఫోన్‌లో చదువుతాను, జవాబు మాత్రం బల్ల దగ్గరికి వచ్చాకే రాస్తాను. అత్యవసరమైతే ఫోన్ చేసి మాట్లాడతాను.

ఇక కీబోర్డు సంగతి. 87 కీలు, పక్కన నంబర్ ప్యాడ్ ఉండదు. బ్రౌన్ రకం స్విచ్‌లు. కేబుల్‌తోనూ బ్లూటూత్‌తోనూ పనిచేస్తుంది. చవక కీబోర్డుల్లో కీల కింద ఒక రబ్బరు పొర ఉంటుంది, దాదాపు అడుగుదాకా నొక్కితే గానీ అక్షరం పడదు. మెకానికల్‌లో ప్రతి కీకీ విడిగా ఒక స్విచ్, అందులో ఒక స్ప్రింగు ఉంటాయి. చెర్రీ కంపెనీ చేసే ఎంఎక్స్ బ్రౌన్ స్విచ్‌ను కొలతగా తీసుకుంటే, కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, సగంలో అంటే 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. అక్కడ వేలికి చిన్న గతుకు తగులుతుంది. ఆ గతుకు అలవాటయ్యాక వేళ్లు అడుగుదాకా వెళ్లి గుద్దుకోవు, సాయంత్రానికి వేలి కొసలు నొప్పి పుట్టవు. రెడ్ రకంలో ఈ గతుకు ఉండదు, కీ సాఫీగా దిగిపోతుంది. బ్లూలో గతుకుతో పాటు టక్కుమనే శబ్దం కూడా ఉంటుంది. నలుగురు కూర్చునే హాల్లో పనిచేసేవాళ్లు బ్లూ జోలికి వెళ్లకండి. చేతికి ఎంత బాగున్నా సరే, పక్క సీటువాళ్లు మీటింగులో మాట్లాడుతుంటే వాళ్ల మైకులో మీ టైపింగే వినపడుతుంది. మెయిల్‌లో ఎంత మర్యాద పాటించినా అక్కడ పోతుంది.

బ్రౌన్ కూడా నిశ్శబ్దమేమీ కాదు. కొన్ని నెలలు వాడాక స్పేస్‌బార్ వదులుగా ఉన్న గిన్నె మూత కొట్టుకున్నట్టు గలగలలాడటం మొదలుపెట్టింది. స్పేస్‌బార్, ఎంటర్, షిఫ్ట్, బ్యాక్‌స్పేస్ లాంటి పొడవు కీల కింద అవి ఒక పక్కకు ఒరగకుండా సన్నటి తీగ ఒకటి ఉంటుంది, దాన్ని స్టెబిలైజర్ అంటారు. చప్పుడంతా ఆ తీగ దగ్గరే. కీ పైభాగం ఊడదీసి, తీగ కొసలు ప్లాస్టిక్‌లో కూర్చునే చోట కొద్దిగా సిలికాన్ గ్రీజు రాశాను. చప్పుడు దాదాపు పోయింది. కొత్త కీబోర్డు కొనేటప్పుడు షాపులో అక్షరాల కీలు నొక్కి చూసి మురిసిపోతాం. స్పేస్‌బార్‌ను ఎడమ కొసన ఒకసారి, కుడి కొసన ఒకసారి నొక్కి చూడండి, అసలు రంగు అక్కడ తెలుస్తుంది.

తర్వాతి చిక్కు బ్లూటూత్. కాసేపు వాడకపోతే బ్యాటరీ ఆదా కోసం కీబోర్డు నిద్రలోకి జారుకుంటుంది. మళ్లీ టైప్ చేయగానే మేలుకుంటుంది గానీ, మేలుకునేలోపు నొక్కిన మొదటి అక్షరమో రెండక్షరాలో గల్లంతవుతాయి. మెయిల్‌లో మొట్టమొదట రాసేదేమిటి? అవతలివారి పేరు. పేరులో మొదటి అక్షరం ఎగిరిపోయి మెయిల్ వెళ్తే చదివేవాళ్లకు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కొత్త క్లయింటుకు రాసేటప్పుడైతే మరీ టెన్షన్. దీనికి నేను చేసేది ఒకటే: ముందు షిఫ్ట్ కీ ఒకసారి నొక్కి, ఒక క్షణం ఆగి మొదలుపెడతాను. షిఫ్ట్ ఒంటరిగా నొక్కితే ఏ అక్షరమూ పడదు, కీబోర్డు మాత్రం లేస్తుంది. ఆఫీసు బల్ల దగ్గర ఆ బాధ కూడా వద్దని కేబులే తగిలించి ఉంచుతాను.

కేబులే మేలనడానికి భద్రత మరో కారణం. బ్లూటూత్‌తో కాకుండా, కంప్యూటర్‌కు గుచ్చే చిన్న యూఎస్‌బీ రిసీవర్‌తో, అంటే డాంగిల్‌తో పనిచేసే వైర్‌లెస్ మౌసులు, కీబోర్డులు చాలావాటిలో లోపం ఉందని 2016లో బాస్టిల్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు చూపించారు. దానికి వాళ్లు మౌస్‌జాక్ అని పేరు పెట్టారు. దూరం నుంచే ఆ డాంగిల్‌కు ఎవరైనా కీస్ట్రోకులు పంపించగలిగేలా ఉందది. అంటే మనం ముట్టుకోకుండానే మన కంప్యూటర్‌లో టైపింగ్ జరిగిపోవచ్చు. తర్వాత కొన్ని కంపెనీలు అప్‌డేట్లు ఇచ్చాయి. అయినా అప్‌డేట్ కాని పాత డాంగిల్‌ను ఆఫీసు మెషీన్‌కు పెట్టకూడదు. సొంత వస్తువు ఏదైనా ఆఫీసు ల్యాప్‌టాప్‌కు తగిలించే ముందు ఐటీవాళ్లను ఒక మాట అడగండి. పెన్‌డ్రైవులు బ్లాక్ చేసిన చోట కూడా కీబోర్డు పనిచేయవచ్చు, పనిచేసినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. రెండు లైన్ల మెయిల్ పెట్టి, సరేనన్న జవాబును దాచుకుంటే సరిపోతుంది.

టైపింగ్ వేగం పెరిగాక మెయిల్ పంపే పద్ధతి కూడా కట్టుదిట్టం చేసుకోవాలి. జీమెయిల్‌లోనూ అవుట్‌లుక్‌లోనూ కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే మెయిల్ వెళ్లిపోతుంది. వేగంగా కొడుతున్నప్పుడు షిఫ్ట్ బదులు దాని కిందే ఉన్న కంట్రోల్ మీద చిటికెనవేలు పడటం చాలా తేలిక. అందుకే నా వరుస తలకిందులుగా ఉంటుంది. ముందు అటాచ్‌మెంట్ పెడతాను, తర్వాత విషయం రాస్తాను, ఆ తర్వాత సబ్జెక్టు, అన్నిటికన్నా చివర చిరునామా. చిరునామా లేని మెయిల్ ఎక్కడికీ పోదు. జవాబు రాసేటప్పుడు చిరునామా ముందే పడి ఉంటుంది కాబట్టి, సున్నితమైన విషయమైతే దాన్ని కట్ చేసి పక్కన పెట్టుకుంటాను. జీమెయిల్‌లో పంపిన మెయిల్‌ను వెంటనే ఆపేసే అన్‌డూ సెండ్‌కు 5, 10, 20, 30 సెకన్లలో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. 30 పెట్టుకోండి, తక్కువ పెట్టుకోవడానికి కారణమే లేదు. క్లాసిక్ డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో రూల్ పెట్టుకుంటే వెళ్లే మెయిల్‌ను 120 నిమిషాల వరకు ఆపి ఉంచవచ్చు. వెళ్లిపోయిన మెయిల్‌ను వెనక్కి లాగే అవుట్‌లుక్ రీకాల్‌ను మాత్రం నమ్ముకోకండి. అది ఒకే సంస్థ లోపల పనిచేస్తుందే తప్ప, బయటివాళ్లకు వెళ్లిన మెయిల్‌ను వెనక్కి తేలేదు.

మెకానికల్ కీబోర్డు నాకు చేసిన ఒక మేలు ఏ సమీక్షలోనూ చదవలేదు. కోపంతో టైప్ చేస్తుంటే ఆ శబ్దం మనకే తెలిసిపోతుంది. మామూలుగా గతుకు దగ్గరే ఆగే వేళ్లు అడుగుదాకా గుద్దుతాయి, ఎంటర్ కీ దడాలున మోగుతుంది. ఆ మోత వినగానే చెయ్యి తీసేసి మెయిల్‌ను డ్రాఫ్ట్‌లో వదిలేస్తాను. పొద్దున చూస్తే అందులో సగం వాక్యాలు అక్కర్లేనివే ఉంటాయి. 1995లో ఇంటర్నెట్ మర్యాదల మీద ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రం వెలువడింది. ఆవేశంతో రాసిన జవాబును ఒక రాత్రి ఆగి పంపమని అందులో అప్పుడే ఉంది. సబ్జెక్టు లైను విషయాన్ని చెప్పాలనీ, అన్నీ పెద్దక్షరాల్లో రాస్తే అరిచినట్టుంటుందనీ, మాట ఇద్దరి మధ్యకు వచ్చేశాక మిగతావాళ్లను సీసీలో మోసుకు తిరగొద్దనీ కూడా ఉంది. అంత పాత పత్రంలోని ఈ మాటలు ఇప్పటికీ వర్తిస్తాయి.

సీసీ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఆఫీసులో మనసులు నొచ్చుకునేది ఎక్కువగా అక్కడే. ఇద్దరి మధ్య నడుస్తున్న మెయిల్‌లోకి ఉన్నట్టుండి పై అధికారి పేరు చేరితే, అవతలివాళ్లకు అది ఫిర్యాదులాగే అనిపిస్తుంది, మనకు ఆ ఉద్దేశం లేకపోయినా. కాబట్టి ఎవరినైనా చేర్చితే మొదటి లైనులోనే ఎందుకో రాసేస్తాను: "బడ్జెట్ ఆమోదం మేడమ్ ఇవ్వాలి కాబట్టి వారిని కూడా చేర్చాను." అంతటితో అపార్థానికి చోటుండదు. ఎవరినైనా తప్పించాలంటే వాళ్లను మిగతావాళ్లకు పేరు కనపడని బీసీసీలోకి మార్చి, ఆ మాట పైన రాస్తాను. వాళ్లకు ఈ ఒక్క మెయిల్ వెళ్తుంది, తర్వాతి రిప్లై ఆల్‌లు వెళ్లవు. వందమందికి పంపే ప్రకటనకైతే అందరినీ బీసీసీలోనే పెట్టాలి. లేదంటే ఒకరు "థ్యాంక్యూ" అంటారు, ఇంకొకరు "నన్ను ఈ లిస్టులోంచి తీసేయండి" అంటారు, ఆ రెండూ వందమందికీ వెళ్తాయి. "వీలైనంత త్వరగా" అనే మాట కూడా మానేశాను. బుధవారం సాయంత్రం 4 లోపు అని రాస్తే అడిగించుకున్నవాళ్లకు కూడా సుఖం.

స్మార్ట్‌వాచ్ తీసేయడానికి కారణం కూడా ఈ సీసీలే. నాకు సంబంధం లేని ప్రతి మెయిల్‌కూ మణికట్టు వణికేది. ఎదురుగా మనిషి మాట్లాడుతుంటే చూపు వాచీ మీదికి పోవడం మెయిల్ ఆలస్యం చేయడంకన్నా పెద్ద అమర్యాద. రాత్రిపూట ఆలోచన వస్తే రాసుకుంటాను గానీ షెడ్యూల్ సెండ్‌లో పొద్దుటికి పెడతాను. జీమెయిల్‌లో ఇది 2019 నుంచీ ఉంది. మనకు నిద్ర పట్టనంత మాత్రాన అవతలివాళ్ల ఫోన్ మోగనక్కర్లేదు కదా.

మళ్లీ కీబోర్డు దగ్గరికి వస్తే, అరుగుదల ఎలా ఉందో చెప్పాలి. దీంతో వచ్చిన కీక్యాపులు, అంటే వేలు తగిలే పై మూతలు, ఏబీఎస్ ప్లాస్టిక్‌వి. ఎక్కువ వాడే E, A, S కీలు, స్పేస్‌బార్ మీద బొటనవేలు పడే చోటు నూనె రాసినట్టు మెరిసిపోయాయి, వేలు జారడం మొదలైంది. తర్వాత పీబీటీ అనే మరో ప్లాస్టిక్ క్యాపులు వేశాను. అవి గరుకుగా ఉంటాయి, అంత తొందరగా నునుపెక్కవు. ఒక దశలో ఎన్ కీ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడేది. ఈ మోడల్‌లో స్విచ్‌లను టంకం లేకుండా లాగి మార్చుకోవచ్చు కాబట్టి ఆ ఒక్కటే తీసి వేరేది పెట్టాను, అయిపోయింది. టంకం వేసిన మోడల్ అయితే ఒక్క అక్షరం కోసం రిపేరుకు తిరగాల్సి వచ్చేది. లైట్లు మాత్రం ఎందుకూ పనికిరాలేదు, బ్యాటరీ తినడం తప్ప. నంబర్ ప్యాడ్ లేకపోవడం మొదట్లో కష్టమనిపించినా, మౌసు దగ్గరికి వచ్చి కుడి భుజం నొప్పి తగ్గింది. రోజంతా అంకెలు ఎక్కించేవాళ్లకు మాత్రం ఇది సరిపడదు, వాళ్లు పూర్తి సైజే తీసుకోవాలి. ఎత్తు ఎక్కువ కాబట్టి మణికట్టు కింద ఆనుకోవడానికి ఏదైనా ఉండాలి, దానికీ డబ్బు లెక్కలో వేసుకోండి.

మళ్లీ కొనాల్సి వస్తే 87 కీల సైజే తీసుకుంటాను. స్విచ్‌లు మార్చుకునే వీలు, పీబీటీ క్యాపులు, ఊడదీయగల కేబుల్ తప్పనిసరి. బ్రౌన్ బదులు ఈసారి సైలెంట్ రకం స్విచ్‌లు చూస్తాను. లైట్లకు పైసా ఎక్కువ పెట్టను.