పాత పికప్‌కి ఏ థర్మోస్టాట్ మేలు: 90దా, 82దా, 71దా, అసలు తీసేయడమా?

పాత పికప్ ట్రక్ కాస్త వేడెక్కితే చాలు, చాలామంది చెయ్యి ముందు థర్మోస్టాట్ మీదికే, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనీయకుండా ఆపే వాల్వ్ మీదికే పోతుంది. కంపెనీ ఇచ్చిన 195 ఫారెన్‌హీట్‌ది తీసేసి 180ది వేస్తారు, అదీ చాలదనిపిస్తే 160ది. సెల్సియస్‌లో చెప్పాలంటే ఇవి సుమారు 90, 82, 71. ఇంకొందరు మొత్తానికే పీకేసి, అది కూర్చునే గూడును (హౌసింగ్) ఖాళీగానే బిగించి బండి తోలేస్తుంటారు.

థర్మోస్టాట్ మీద కొట్టిన అంకె ఇంజన్ వేడికి పైహద్దు అనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది. నిజానికి అది కింది హద్దు. లోపలి మైనం ఆ వేడికి కరిగి ఉబ్బితే వాల్వ్ కొద్దిగా తెరుచుకుంటుంది. బార్లా తెరుచుకోవడానికి ఇంకో ఎనిమిది, పది డిగ్రీలు కావాలి. అక్కడితో దాని పని అయిపోయింది. ఆపైన వేడిని అదుపులో ఉంచాల్సింది రేడియేటర్, ఫ్యాన్, వాటర్ పంప్. బరువు లాగుతూ ఎత్తు ఎక్కుతున్నప్పుడు ముల్లు 110 దాటిందంటే, మంచి స్థితిలో ఉన్న ఏ థర్మోస్టాటైనా ఎప్పుడో పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. 82ది వేసినా బండి అక్కడికే చేరుతుంది, కాస్త ఆలస్యంగా.

అందుకే వేడెక్కే బండికి ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. రేడియేటర్ ట్యూబులు పూడుకున్నాయా, ఫ్యాన్‌ని తిప్పే క్లచ్ పట్టు వదిలేసిందా, కింది హోస్ పంపు లాగుడుకి నొక్కుకుపోతోందా, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగిందా, రేడియేటర్ మూత (క్యాప్) లోపలి ప్రెషర్ నిలబెడుతోందా. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. సగం నీళ్లు, సగం గ్లైకాల్ (యాంటీఫ్రీజ్ ద్రవం) కలిపిన కూలెంట్ మామూలుగా 106 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 15 పీఎస్ఐ క్యాప్ సరిగ్గా పనిచేస్తే అదే కూలెంట్ దాదాపు 129 దాకా మరగదు. క్యాప్ రబ్బరు పోతే అంత భద్రతా పోయినట్టే.

ఇక నాలుగింటిలో థర్మోస్టాట్ తీసేయడం అన్నిటికంటే చెడ్డది. తేలికపాటి ప్రయాణాల్లో ఇంజన్ ఎప్పటికీ పూర్తిగా వేడెక్కదు. చల్లటి సిలిండర్ గోడల మీద పెట్రోల్ ఆవిరి కాక, ఆయిల్ పొరను కడిగేస్తుంది. రింగులు అరుగుతాయి. క్రాంక్‌కేస్‌లో, అంటే ఇంజన్ అడుగు గదిలో, చేరిన తేమ ఆయిల్‌లో కలిసి, ఆయిల్ మూత కింద మీగడ రంగు జిడ్డుగా పేరుకుంటుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ అడుగున ఉండే రెండో బిళ్ల, కూలెంట్ రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోనే తిరిగే బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే వేడి కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కి పోకుండా లోపలే తిరుగుతుంది, చల్లబడాలని తీసేసిన బండి ఇంకా వేడెక్కుతుంది.

71ది రేస్ ఇంజన్లకు పనికొస్తుందేమో, రోజూ తిరిగే బండికి వద్దు. పూర్వం ఆల్కహాల్ కలిపిన యాంటీఫ్రీజ్ వాడేవాళ్లు. అది తక్కువ వేడికే ఆవిరైపోయేది కాబట్టి అప్పట్లో తక్కువ డిగ్రీల థర్మోస్టాట్‌కి అర్థం ఉండేది. గ్లైకాల్ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది.

అసలు పోటీ 82కీ 90కీ మధ్యే. ఇక్కడ నా తీర్పు బండికి కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే పాత పరికరం) ఉందా, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కార్బురేటర్ బండి, ఎండ తీవ్రంగా ఉండే చోట, బరువులు లాగే పని అయితే 82ది వేయడంలో తప్పు లేదు. నాకింగ్, అంటే పెట్రోల్ అదుపు తప్పి మండడంతో ఇంజన్‌లో వచ్చే టకటక చప్పుడు, తగ్గుతుంది. వేడిగా ఆపిన బండిలో పెట్రోల్ కార్బురేటర్‌లోనే మరిగి, మళ్లీ స్టార్ట్ చేస్తే మొరాయించే బాధ కూడా కొంత తగ్గుతుంది. నష్టాలూ ఉన్నాయి: చలికాలంలో హీటర్ నీరసంగా వస్తుంది, దగ్గర ప్రయాణాల్లో ఆయిల్‌లోని తేమ పోవడానికి ఎక్కువ సేపు పడుతుంది.

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండికైతే 90ది, లేదా కంపెనీ ఏది ఇచ్చిందో అదే. ఇంజన్ చల్లగా ఉందని సెన్సర్ చెప్పినంత సేపూ కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, సైలెన్సర్ పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ మాట లెక్కచేయదు. 82 దగ్గర చాలా బండ్లు సర్దుకుంటాయి. 71 దగ్గర కొన్ని ఎప్పటికీ వార్మప్‌లోనే ఉండిపోతాయి, మైలేజీ పడిపోతుంది. కాస్త కొత్త తరం బండి అయితే ఇంజన్ తగినంత వేడెక్కడం లేదని చెప్పే పీ0128 కోడ్‌తో చెక్ ఇంజన్ లైటు వెలిగినా వెలగొచ్చు. డీజిల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, వేడి తగ్గితే పొగ పెరుగుతుంది కాబట్టి కంపెనీ అంకె మార్చకండి.

కొత్తదైనా సరే, బిగించే ముందు పరీక్షించమని గట్టిగా చెబుతాను. వాల్వ్ అంచుకీ దాని కుదురుకీ మధ్య సన్నటి దారం ఇరికించి, ఆ దారంతోనే థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్ల మధ్య వేలాడదీయండి, గిన్నె అడుగు తగలకుండా. పక్కన థర్మామీటర్ పెట్టి మెల్లగా కాచండి. వాల్వ్ వెంట్రుకవాసి విడివడగానే దారం జారి థర్మోస్టాట్ నీళ్లలో పడిపోతుంది. ఆ క్షణాన థర్మామీటర్ చూపించేదే అది తెరుచుకునే అసలు వేడి. కొట్టిన అంకెకి రెండు మూడు డిగ్రీల తేడా ఉంటే ఫర్వాలేదు. అంతకు మించితే దాన్ని వెనక్కి ఇచ్చేయండి.

బిగించేటప్పుడు స్ప్రింగ్, మైనం ఉన్న గుండు ఇంజన్ వైపు ఉండాలి. అంచు రంధ్రంలో వదులుగా కదిలే చిన్న జిగిల్ పిన్ ఉంటే, పక్కకి తిరిగి ఉండే హౌసింగ్‌లో అది పైకి రావాలి, లోపలి గాలి అటునుంచే బయటపడుతుంది. పిన్ లేకపోతే అంచులో మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేసే మెకానిక్కులు ఉన్నారు. వార్మప్ కొంచెం నెమ్మదిస్తుంది గానీ గాలి బుడగ చిక్కుకుని హెడ్ వేడెక్కే టెన్షన్ ఉండదు. ఆ తర్వాత డ్యాష్‌బోర్డు ముల్లును ఒక్కదాన్నే నమ్మకుండా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో హౌసింగ్ మీద కొలవండి. పాత బండ్ల గేజ్‌లు చాలావరకు సి (చల్లన), హెచ్ (వేడి) అక్షరాల మధ్య అంచనాకి తిరిగేవే.